ట్రాకర్‌లో బగ్ "క్లోజ్డ్", నా స్టేబుల్ సర్వర్‌లో మాత్రం అలాగే ఉంది. ఇప్పుడేం చేయాలి?

రాత్రి_క్రాన్:

అందరికీ నమస్కారం. డెబియన్ 13 స్టేబుల్ (కొత్త వెర్షన్లకు వెంటనే మారకుండా, పరీక్షించిన పాతవే ఉంచే లినక్స్ విడుదల) మీద నడిచే సర్వర్లు కొన్ని నేను చూసుకుంటాను. రాత్రిపూట ఒక క్రాన్ జాబ్ (పెట్టిన టైముకి దానంతట అదే నడిచే పని) సీఎస్‌వీ ఫైళ్లు (లైనుకో రికార్డు, కామాలతో విడదీసినవి) తీసుకుని డేటాబేస్‌లోకి ఎక్కిస్తుంది. ఆ ఎక్కించే పని చేసేది ఒక చిన్న ఓపెన్ సోర్స్ కమాండ్ లైన్ టూల్. పేరు చెప్పను, వాళ్ల మీద బురద చల్లాలని కాదు నా ఉద్దేశం. స్టేబుల్‌లో ఉన్నది వెర్షన్ 2.3. అప్‌స్ట్రీమ్‌లో, అంటే టూల్ రాసేవాళ్ల దగ్గర, 2.5 వచ్చేసింది.

బగ్ ఇది. ఫైల్‌లో చివరి లైన్ తర్వాత న్యూలైన్ (లైన్ ముగిసిందని చెప్పే క్యారెక్టర్) లేకపోతే ఆ చివరి రికార్డును టూల్ మింగేస్తుంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, ఎగ్జిట్ కోడ్ సున్నా, అంటే అంతా సవ్యమే అని. మాకు ఫైళ్లు పంపే సిస్టమ్స్‌లో ఒక్కటే ఇలా న్యూలైన్ లేకుండా పంపుతుంది, అందుకే చాలాకాలం ఎవరి కంటా పడలేదు. నెలాఖరు టోటల్ కలవక అకౌంట్స్ వాళ్లు పట్టుకున్నారు. నా దగ్గర లెక్క సరిచూసే స్క్రిప్ట్ కూడా ఉంది. డబ్ల్యూసీ మైనస్ ఎల్‌తో ఫైల్‌లో లైన్లు లెక్కపెట్టి, టేబుల్‌లో చేరిన వరసలతో పోలుస్తుంది. అది రోజూ "ఓకే" అనే చెప్పింది. అదెలా చెప్పిందో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు.

అప్‌స్ట్రీమ్ ట్రాకర్‌లో వెతికితే ఈ బగ్ దొరికింది. "మెయిన్‌లో ఫిక్స్ అయింది" అని మూసేశారు, మెయిన్ అంటే కొత్త వెర్షన్లు తయారయ్యే కోడ్. కింద ఎవరో "2.3కి కూడా ఇవ్వండి" అని అడిగితే "2.5కి మారండి" అని ఒక్క ముక్క జవాబు. డెబియన్ బగ్ ట్రాకర్‌లోనూ ఉంది. అక్కడా క్లోజ్డే, తీవ్రత "నార్మల్". నేను మాత్రం ఎన్నిసార్లు ఆప్ట్ అప్‌గ్రేడ్ (డెబియన్ ప్యాకేజీలను కొత్తచేసే కమాండ్) కొట్టినా 2.3 దగ్గరే ఉన్నాను.

మూసేసిన బగ్ మీద మళ్లీ రాస్తే విసుక్కుంటారా? స్టేబుల్‌లోకి ఫిక్స్ తెప్పించుకునే దారి నిజంగా ఉందా, లేక పేరుకేనా? అదంతా వదిలేసి 2.5ని నేనే బిల్డ్ చేసి వేసేసుకుంటే పోతుందా? "స్టేబుల్ అని నువ్వేగా పెట్టించావు" అని మా మేనేజర్ అడుగుతున్నారు. టెన్షన్‌గా ఉంది.

కొత్తదే_కావాలి:

ఇంత మథనం ఎందుకు బ్రో? కంటైనర్‌లో (తన లైబ్రరీలతో విడిగా నడిచే పెట్టె) 2.5 పెట్టు, క్రాన్‌ని అటు తిప్పు, పడుకో. బగ్ ఉందని తెలుసు, ఫిక్స్ ఉందని తెలుసు, అయినా ఇవ్వరు. దానికి మళ్లీ "పాలసీ" అని పేరు. నేను స్టేబుల్ వదిలేసి చాలాకాలమైంది, ప్రాణం హాయిగా ఉంది.

ప్యాచ్_అక్క:

క్రాన్ తమ్ముడూ, ముందు నీ లెక్కల స్క్రిప్ట్ సంగతి చూద్దాం, అది తేలకుండా మిగతావి మాట్లాడి లాభం లేదు. డబ్ల్యూసీ మైనస్ ఎల్ లెక్కపెట్టేది లైన్లను కాదు, న్యూలైన్ క్యారెక్టర్లను. చివర న్యూలైన్ లేని ఫైల్‌లో వంద రికార్డులుంటే అది 99 అంటుంది. టూల్ కూడా చివరిదాన్ని మింగేసి 99 ఎక్కిస్తుంది. దొంగా సాక్షీ ఒకే మాట చెప్తుంటే కేసు ఎక్కడ నిలబడుతుంది? డబ్ల్యూసీని తప్పుపట్టడానికి లేదు. పాసిక్స్ (యూనిక్స్ సిస్టమ్స్ ప్రమాణం) ప్రకారం న్యూలైన్‌తో ముగిస్తేనే అది పూర్తి లైన్. దాని బదులు గ్రెప్ మైనస్ సి, పక్కన ఖాళీ కోట్స్ పెట్టి లెక్కపెట్టు. చివరి అసంపూర్తి లైన్‌ని కూడా అది కలుపుకుంటుంది.

ఈ రాత్రికి సరిపడా మందు కూడా ఉంది. టూల్‌కి ఇచ్చే ముందు ఫైల్‌ని సెడ్ (టెక్స్ట్‌ని మార్చే కమాండ్) గుండా పంపు. సింగిల్ కోట్స్ లోపల డాలర్, చిన్న ఎ, బ్యాక్‌స్లాష్, ఈ మూడే. జీఎన్‌యూ సెడ్ చివర న్యూలైన్ లేకపోతే కలుపుతుంది, ఉంటే ముట్టుకోదు. ఒరిజినల్ ఫైల్‌ని మార్చకు, పైపులో పెట్టు చాలు. పాత ఫైళ్లు దాచి ఉంటే ఒక్కోదానికి టెయిల్ మైనస్ సి 1 కొట్టి చివరి బైట్ చూడు. న్యూలైన్ కాని ప్రతి ఫైల్‌లోనూ ఒక రికార్డు పోయినట్టే. ముందు వాటిని తిరిగి ఎక్కించు. బగ్ ట్రాకర్ ఎక్కడికీ పోదు, అకౌంట్స్ వాళ్లు మాత్రం మళ్లీ వస్తారు.

ఇక అసలు విషయం. బగ్ తెరిచి ఉందా, మూసి ఉందా అని ఒకే ప్రశ్న అడుగుతున్నావు. అది ఏ వెర్షన్‌లో తెరిచి ఉంది, ఏ వెర్షన్‌లో మూశారు అని అడగాలి. ఇల్లు అలకగానే పండగ కాదు. మెయిన్‌లో ఫిక్స్ పడితే మెయిన్ వాడేవాళ్లకే పండగ. డెబియన్ ట్రాకర్‌లో ఒక్కో బగ్‌కి "ఫౌండ్" అని కొన్ని వెర్షన్లు, "ఫిక్స్‌డ్" అని కొన్ని వెర్షన్లు రాసి ఉంటాయి. అన్‌స్టేబుల్‌లోకి (డెబియన్‌లో కొత్త వెర్షన్లు ముందు చేరే చోటు) 2.5 వచ్చినప్పుడు మెయింటెయినర్ (ఆ ప్యాకేజీని డెబియన్‌లో చూసుకునేవారు) చేంజ్‌లాగ్‌లో ఆ నంబర్ రాశారు, బగ్ 2.5 దగ్గర మూతపడింది. 2.3లో ఈ బగ్ ఉందని ఎవరైనా గుర్తు పెట్టారా? పెట్టకపోతే స్టేబుల్‌ని చూసేవాళ్ల జాబితాలో అది కనపడకపోవచ్చు. నిర్లక్ష్యం అంటావేమో గానీ చాలాసార్లు జరిగేది ఇదే. వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

కాబట్టి మూసేసిన బగ్ మీద రాయొచ్చు, రాయాలి కూడా. "ఇంకా ఫిక్స్ చేయలేదేంటి" అని కాదు. ట్రాకర్ కంట్రోల్ అడ్రస్‌కి "ఫౌండ్", బగ్ నంబర్, 2.3-1 (చివరి 1 డెబియన్ ప్యాకేజీ కూర్పు నంబర్) అని ఒక లైన్ మెయిల్ పంపు. దీనివల్ల బగ్ తిరిగి తెరుచుకోదు, ఎందుకంటే ఫిక్స్ అయిన వెర్షన్ దీనికన్నా కొత్తది. స్టేబుల్‌లో ఉందన్న ముద్ర మాత్రం పడుతుంది. ఎప్పటినుంచి ఉందో తేల్చాలంటే డెబియన్ స్నాప్‌షాట్ సైట్‌లో పాత ప్యాకేజీలన్నీ ఉంటాయి, దింపుకుని మూడు లైన్ల ఫైల్‌తో పరీక్షించు.

తర్వాత తీవ్రత. "నార్మల్" అని పెట్టినవాళ్లు బహుశా చిన్న చిరాకు అనుకుని ఉంటారు. డెబియన్ నిర్వచనంలో డేటా పోగొట్టే బగ్‌కి "గ్రేవ్" అనే మెట్టు ఉంది. ఎర్రర్ ఇచ్చి ఆగిపోయే టూల్ వేరు, సున్నా ఎగ్జిట్ కోడ్‌తో రికార్డు మింగే టూల్ వేరు. ఇది రెండో రకం. తీవ్రత పెంచేటప్పుడు కారణం ఒక పేరాలో రాయి, ఎవరైనా తిరిగి చేసి చూడగలిగే ఉదాహరణ జతచెయ్యి. ప్రింట్‌ఎఫ్‌తో న్యూలైన్ లేకుండా ముగిసే ఫైల్ చేసి, టూల్ నడిపి, వరసలు లెక్కపెట్టడం. అంతే, నాలుగు లైన్లలో అయిపోతుంది. మీ మేనేజర్ కోపం, నెలాఖరు గొడవ మెయిల్‌లోకి రానివ్వకు. అవి చదివి ఎవరూ ప్యాచ్ రాయరు.

స్టేబుల్‌లోకి ఫిక్స్ వచ్చే దారి ఉంది. కాకపోతే అది ఇరుకు. ఫిక్స్ ముందు అన్‌స్టేబుల్‌లో ఉండాలి. నీ విషయంలో ఉంది. తీవ్రత "ఇంపార్టెంట్" లేదా ఆపైన ఉండాలి. మార్పు వీలైనంత చిన్నదిగా ఉండాలి. 2.3కి సరిపడా ప్యాచ్ చేసి, పాత ప్యాకేజీకీ కొత్త ప్యాకేజీకీ మధ్య తేడాను, అంటే డెబ్‌డిఫ్‌ని, రిలీజ్ టీమ్‌కి రిపోర్ట్‌బగ్ (డెబియన్‌కి బగ్ రిపోర్టులు పంపే టూల్) ద్వారా పంపాలి. ఒప్పుకుంటే ప్రపోజ్డ్ అప్‌డేట్స్‌లోకి (పరీక్ష కోసం ముందు ఉంచే చోటు) వెళ్లి, తర్వాతి పాయింట్ రిలీజ్‌లో (పోగైన ఫిక్స్‌లతో స్టేబుల్‌కి వచ్చే విడుదల) అందరికీ అందుతుంది. పాయింట్ రిలీజ్‌లు సుమారు రెండు నెలలకొకటి వస్తుంటాయి. వీటన్నిటికన్నా ముందు ఆ ప్యాకేజీ మెయింటెయినర్‌కి రాయి. "నేను ప్యాచ్ తయారు చేస్తాను, మీరు చూసి అప్‌లోడ్ చేస్తారా" అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ. "ఎందుకు చేయలేదు" అని మొదలుపెడితే జవాబిచ్చేవాళ్లే తక్కువ.

కొత్తదే_కావాలి గారూ, మీ బాధ నాకూ తెలుసు. కానీ వేగంగా వచ్చేవాటిలో మంచి ఒక్కటే రాదు. 2024 మార్చి 29న ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్‌లో దొంగచాటుగా పెట్టిన బ్యాక్‌డోర్ బయటపడినప్పుడు అది 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఉంది. డెబియన్ టెస్టింగ్, అన్‌స్టేబుల్ వాడేవాళ్లు పరుగులు పెట్టారు. అప్పటి స్టేబుల్‌లో ఉన్నది 5.4.1. ఆ రోజు పాత సరుకు వాళ్లే ప్రశాంతంగా ఉన్నారు.

కొత్తదే_కావాలి:

ఎక్స్‌జెడ్ ఒక్కసారి జరిగింది అక్కా, ఇలాంటి మింగుడు బగ్‌లు రోజూ ఉంటాయి. మూడు లైన్ల ఫిక్స్ కోసం రెండు నెలలు ఆగమంటే నా వల్ల కాదు. పోనీ బ్యాక్‌పోర్ట్స్‌లో (కొత్త వెర్షన్లను స్టేబుల్ కోసం తిరిగి బిల్డ్ చేసి ఉంచే చోటు) 2.5 ఉంటే అది వాడొచ్చు కదా?

ప్యాచ్_అక్క:

ఉంటే వాడొచ్చు, నేనేమీ వద్దనను. బ్యాక్‌పోర్ట్స్ రిపాజిటరీ కలిపినంత మాత్రాన అన్నీ దూకి రావు. ఆప్ట్ లెక్కలో దాని ప్రాధాన్యం 100, మామూలు స్టేబుల్‌ది 500, పెద్దదే గెలుస్తుంది. అడిగి ఇన్‌స్టాల్ చేసినవే అక్కడినుంచి వస్తాయి, ఆ తర్వాత వాటి అప్‌డేట్లు కూడా అక్కడినుంచే. కానీ సెక్యూరిటీ టీమ్ చూసేది స్టేబుల్‌నే. బ్యాక్‌పోర్ట్ బాగోగులు దాన్ని పెట్టినవాళ్ల ఓపికను బట్టి. పైగా క్రాన్ తమ్ముడికి 2.5తో ఫిక్స్ ఒక్కటే రాదు, 2.4లోనూ 2.5లోనూ మారినవన్నీ వస్తాయి. తేదీల ఫార్మాట్ డిఫాల్ట్ మారిందనుకో, ఈసారి ఒక్క రికార్డు కాదు, అన్నీ తప్పుగా ఎక్కుతాయి. మార్పుల చిట్టా చదివి ఒప్పుకుంటే సరే. చదవకుండా వేసుకోవద్దంటున్నాను.

మీ కంటైనర్ గురించి కూడా ఒకటి అడగాలి. లోపలున్న మిగతా లైబ్రరీలకు అప్‌డేట్లు ఎవరు వేస్తారు? సమాధానం ఉంటే మంచి పద్ధతే.

అప్‌స్ట్రీమ్_ఒంటరి:

అవతలి గట్టు నుంచి మాట్లాడతాను. ఇలాంటిదే ఇంకో చిన్న ప్రాజెక్టు నేను ఒక్కణ్నే నడుపుతున్నాను. "2.5కి మారండి" అన్న ఆ ఒక్క ముక్క నేనూ చాలాసార్లు రాశాను, దాని వెనకున్న కథ చెప్తాను.

పాత బ్రాంచ్ (పాత వెర్షన్ కోడ్ శాఖ) ఒకటి బతికించాలంటే ఫిక్స్ అతికించడంతో పని అయిపోదు. పాత కంపైలర్లతో, పాత లైబ్రరీలతో టెస్టులు నడిచేలా ఉంచాలి, రిలీజ్ చేయాలి, ఆ రిలీజ్‌లో ఏదైనా విరిగితే దానికీ నేనే జవాబుదారీ. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్ వాళ్లు ఒక్కో మేజర్ వెర్షన్‌కి 5 ఏళ్లు ఇలా ఫిక్స్‌లు ఇస్తారు, మూడు నెలలకొకటి మైనర్ రిలీజ్. ఓపెన్ సోర్స్‌లో ఈ పని ఇంత శ్రద్ధగా చేసేవాళ్లు తక్కువ. వాళ్లకే 2024 నవంబర్ 14 రిలీజ్‌లో లోపలి స్ట్రక్చర్ ఒకటి సైజు పెరిగి, ముందే కంపైల్ చేసి ఉంచిన కొన్ని ఎక్స్‌టెన్షన్లు దెబ్బతిన్నాయి. సరిగ్గా వారానికే, నవంబర్ 21న, 17.2 ఇవ్వాల్సి వచ్చింది. అంత బలగం ఉన్నచోటే అలా జరిగితే, ఆదివారం పూట కూర్చుని కోడ్ రాసేవాడి సంగతి ఆలోచించండి.

రెండోది, ఎప్పుడో ఫిక్స్ చేసిన బగ్ మీద స్టేబుల్ వాడేవాళ్ల రిపోర్టులు ఏళ్ల తరబడి వస్తూనే ఉంటాయి. ఎక్స్‌స్క్రీన్‌సేవర్ రచయిత దీనితో విసిగి, "ఈ వెర్షన్ చాలా పాతది" అని స్క్రీన్ మీదే హెచ్చరిక వచ్చేలా కోడ్‌లో పెట్టాడు. 2016లో డెబియన్ ట్రాకర్‌లో దాని మీద పెద్ద చర్చే నడిచింది. ఆయన పద్ధతి నాకు నచ్చదు, కానీ కోపం మాత్రం అర్థమవుతుంది.

అయితే పాత వెర్షన్‌కి ఫిక్స్ ఇవ్వలేకపోయినా, "2.3లో, 2.4లో ఈ లోపం ఉంది, దాటే మార్గం ఇది" అని తెలిసిన లోపాల పేజీలో రెండు లైన్లు రాయడానికి పది నిమిషాలు చాలు. అది రాయని అప్‌స్ట్రీమ్‌ని నేను సమర్థించను. నా ప్రాజెక్టులో ఆ పేజీ ఉంది, దానివల్ల రిపోర్టులు నిజంగానే తగ్గాయి.

క్రాన్ గారూ, ప్యాచ్ విషయంలో ఒక జాగ్రత్త. మెయిన్‌లో ఫిక్స్ ఎలా చేశారో చూశారా? దాన్ని అలాగే చెర్రీపిక్ చేస్తే, అంటే ఆ మార్పు ఒక్కదాన్నే తెచ్చి అతికిస్తే, సరిపోతుందని అనుకోకండి. 2023 డిసెంబర్‌లో డెబియన్ 12.3 ఆగిపోయింది గుర్తుందా? ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌కి సంబంధించిన ఒక ఫిక్స్‌ని 6.1 స్టేబుల్ కెర్నల్‌లోకి తెచ్చారు. మెయిన్‌లైన్‌లో (లినక్స్ కెర్నల్ తాజా కోడ్) ఆ ప్యాచ్ నిక్షేపంగా పనిచేసింది, ఎందుకంటే అది ఆధారపడిన ఇంకో మార్పు 6.5లో ముందే ఉంది. 6.1లో ఆ మార్పు లేదు. ఫలితంగా 6.1.64 కెర్నల్‌తో ఫైళ్లలో డేటా పాడయ్యే ప్రమాదం వచ్చింది. 12.3ని ఆపేసి, డిసెంబర్ 10న సరిచేసిన కెర్నల్‌తో నేరుగా 12.4 ఇచ్చారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. కెర్నల్ స్టేబుల్ రూల్స్‌లో "ప్యాచ్ చుట్టుపక్కల లైన్లతో కలిపి 100 లైన్లు దాటకూడదు" అని ఉంటుంది, కానీ లైన్లు తక్కువైతే ప్రమాదం తక్కువని కాదు. ఆ ప్యాచ్ ఏ నేల మీద నిలబడిందో అది కూడా మీ పాత బ్రాంచ్‌లో ఉందో లేదో చూడాలి.

రాత్రి_క్రాన్:

అందరికీ థాంక్స్. అక్కా, గ్రెప్‌తో మార్చగానే స్క్రిప్ట్ అరిచింది. సెడ్ లైన్ పెట్టేశాను, పోయిన రికార్డులు తిరిగి ఎక్కించాను. ఫౌండ్ మెయిల్ పంపాను, ఉదాహరణతో తీవ్రత గ్రేవ్ చేశాను. మెయింటెయినర్ మర్యాదగానే రాశారు, "ప్యాచ్ ఉంటే చూస్తాను, నాకు ఈ నెల ఖాళీ లేదు" అని.

ఒంటరి గారు అన్నట్టే ఉంది. మెయిన్‌లో ఫిక్స్ విడిగా లేదు, పార్సర్ మొత్తం తిరగరాసిన కమిట్‌లో కలిసిపోయింది. 2.3 కోడ్ వేరు. బఫర్‌లోకి చదువుతూ న్యూలైన్ కనపడినప్పుడల్లా రికార్డు బయటికి పంపుతుంది. ఫైల్ అయిపోగానే బఫర్‌లో మిగిలినదాన్ని చూడకుండానే ఫ్రీ చేసేస్తుంది. ఫ్రీకి ముందు "బఫర్ ఖాళీ కాకపోతే ఇంకో రికార్డు పంపు" అని మూడు లైన్లు రాశాను. నా ఫైళ్లన్నీ సరిగ్గా ఎక్కుతున్నాయి. ఇంతేనా, ఇంకేమైనా చూడాలా?

అప్‌స్ట్రీమ్_ఒంటరి:

చూడాలి. ఫీల్డు చుట్టూ ఉండే కోట్ గుర్తు తెరిచి మూయకుండా ఫైల్ అయిపోతే? అంటే ట్రాన్స్‌ఫర్ మధ్యలో తెగిన ఫైల్. ఇన్నాళ్లూ ఆ సగం రికార్డుని టూల్ పారేసేది, పారేయడం తప్పైనా ఫలితం ఒకరకంగా మంచిదే. మీ మూడు లైన్లతో ఇప్పుడు సగం రికార్డు డేటాబేస్‌లోకి వెళ్తుంది. మీరు ఒక బగ్ తీసి దానికన్నా చెడ్డది పెట్టినవారవుతారు. కోట్ లోపల ఉండగా ఫైల్ అయిపోతే ఎర్రర్ ఇచ్చి సున్నా కాని కోడ్‌తో బయటికి రావాలి. 2.5 ఏం చేస్తుందో చూసి అదే చేయండి. స్టేబుల్‌లో మీ సొంత మూడో పద్ధతి పుట్టించకండి.

చేశాక ఆ ప్యాచ్ అప్‌స్ట్రీమ్‌కి కూడా చూపించండి. వాళ్లు 2.3 రిలీజ్ చేయకపోయినా, కోడ్ తెలిసినవాళ్ల కన్ను ఒకసారి పడాలి. 2006లో డెబియన్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) ప్యాకేజీలో వాల్‌గ్రైండ్ (మెమరీ తప్పులు పట్టే టూల్) వార్నింగ్ పోగొట్టడానికి చేసిన చిన్న మార్పు ర్యాండమ్ నంబర్ల మూలాన్నే తీసేసింది. దాదాపు ప్రాసెస్ ఐడీ ఒక్కటే మిగిలింది. అంటే ఒక్కో రకం కీకి 32,768కి మించి అవకాశాలు లేవు. 2008 మే 13న ప్రకటించేదాకా అలాగే నడిచింది.

నల్లతెర:

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాది ఉబుంటు ఎల్‌టీఎస్, ఇలాంటి టూలే, ఇలాంటి బగ్గే. నాకూ ఇదే దారా?

ప్యాచ్_అక్క:

దారి అలాంటిదే, కాగితాలు వేరు. అక్కడ స్టేబుల్ రిలీజ్ అప్‌డేట్ అంటారు. లాంచ్‌ప్యాడ్ (ఉబుంటు ట్రాకర్) బగ్‌లో దీనివల్ల ఎవరికి ఏం నష్టం, ఎలా పరీక్షించాలి, ఈ మార్పువల్ల ఎక్కడ తేడా కొట్టొచ్చు, ఈ మూడూ రాయాలి. మూడోదాని దగ్గర "ఏమీ లేదు" అని రాస్తే వెనక్కి వస్తుంది. ప్రపోజ్డ్‌లో పెట్టాక ఎవరో ఒకరు అక్కడినుంచి ఇన్‌స్టాల్ చేసి పరీక్షించి, "వెరిఫికేషన్ డన్" ట్యాగ్ పెట్టాలి. మామూలుగా కనీసం 7 రోజులు అక్కడ ఉంటుంది. చాలా ఫిక్స్‌లు ఆ పరీక్షించే మనిషి లేక ఆగిపోతాయి. కోడ్ రాకపోయినా నువ్వు చేయగలిగిన పని అది.

క్రాన్ తమ్ముడూ, ఒంటరి గారి కోట్ సంగతికి నేనొకటి కలుపుతాను. మీ ఫిక్స్ తర్వాత ఇన్నాళ్లూ సున్నాతో ముగిసిన కొందరి జాబులు ఎర్రర్‌తో ఆగుతాయి. ఇంకొందరు ఫైల్ చివర న్యూలైన్ లేకుండా "ముగిసింది" అని ఒక గుర్తు లైన్ పెట్టి, టూల్ దాన్ని మింగుతుందని తెలిసి హాయిగా ఉండి ఉంటారు. నవ్వకు, బగ్ మీద ఇల్లు కట్టుకున్నవాళ్లు ప్రతి టూల్‌కీ ఉంటారు. అందుకే రిలీజ్ టీమ్ అంత పట్టుగా ఉంటుంది. అయినా ఇక్కడ నేను ఫిక్స్ వైపే ఉంటాను. ఆగిపోయిన జాబ్‌ని పొద్దున్నే ఎవరో ఒకరు చూస్తారు, మాయమైన రికార్డుని ఎవరూ చూడరు. కాకపోతే ప్యాకేజీలో న్యూస్ ఫైల్ ఒకటి ఉంటుంది, ఆప్ట్-లిస్ట్‌చేంజెస్ పెట్టుకున్నవాళ్లకు అప్‌గ్రేడ్ సమయంలో అది కనపడుతుంది. అందులో ఈ మార్పు నాలుగు మాటల్లో రాయి.

ఇంకొకటి, ఫిక్స్ వచ్చేదాకా నువ్వు ఆ ప్యాకేజీని సొంతంగా బిల్డ్ చేసుకునేలా ఉన్నావు. వెర్షన్ పేరు ఎలా పెడతావు?

రాత్రి_క్రాన్:

2.3-1+లోకల్1 అని పెట్టేద్దామనుకుంటున్నాను. తప్పా?

ప్యాచ్_అక్క:

చాలామంది అలాగే పెడతారు, తర్వాత సెక్యూరిటీ అప్‌డేట్ రాలేదని వెతుక్కుంటారు. స్టేబుల్‌లో అధికారికంగా వచ్చే ఫిక్స్ పేరు 2.3-1+డెబ్13యూ1 అని ఉంటుంది. డీపీకేజీ (డెబియన్‌లో ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే టూల్) ఈ రెంటినీ ఇంగ్లిష్ అక్షరాల వరసలో పోలుస్తుంది. "డి" కంటే "ఎల్" తర్వాత వస్తుంది కాబట్టి నీ లోకల్ పెద్దది అయిపోతుంది. అసలు ఫిక్స్ వచ్చినా ఆప్ట్ "నీ దగ్గర ఇంతకన్నా కొత్తది ఉంది" అని కదలదు. రేపు ఆ టూల్‌లో సెక్యూరిటీ లోపం బయటపడి డెబ్13యూ2 వచ్చినా అంతే.

2.3-1+డెబ్13యూ1~లోకల్1 అని పెట్టు. డీపీకేజీ లెక్కలో టిల్డ (~) గుర్తు ఉన్నది లేనిదానికంటే చిన్నది. అందుకని ఇది 2.3-1 కంటే పెద్దదీ, 2.3-1+డెబ్13యూ1 కంటే చిన్నదీ అవుతుంది. అసలుది రాగానే నీది దానంతట అదే తప్పుకుంటుంది. నమ్మకం లేకపోతే డీపీకేజీకి కంపేర్-వెర్షన్స్ ఆప్షన్ ఇచ్చి రెండు పేర్లూ పోల్చి చూడు. ఆప్ట్-మార్క్ హోల్డ్ (ప్యాకేజీని ఉన్న వెర్షన్ దగ్గరే ఆపేసే గుర్తు) మాత్రం పెట్టకు. హోల్డ్ పెట్టింది మర్చిపోయిన సర్వర్లు నేను చాలా చూశాను, మంచి అప్‌డేట్లు కూడా గుమ్మం దగ్గరే ఆగిపోతాయి.

కొత్తదే_కావాలి:

టిల్డ సంగతి నాకూ తెలియదు అక్కా. ఇది మాత్రం దాచుకుంటున్నాను. కంటైనర్ విషయంలో నా మాట మారలేదు లెండి.

రాత్రి_క్రాన్:

అప్‌డేట్. కోట్ కేసు కలిపాను, 2.5 ఇచ్చే ఎర్రర్ మెసేజే పెట్టాను. న్యూలైన్ ఉన్నది, లేనిది, కోట్ తెగినది, పూర్తిగా ఖాళీది, ఇలా నాలుగు ఫైళ్లతో ప్యాకేజీకి ఆటోపీకేజీటెస్ట్ (ఇన్‌స్టాల్ చేసిన ప్యాకేజీని పరీక్షించే స్క్రిప్ట్) రాశాను. పాత 2.3 మీద నడిపితే రెండు ఫెయిల్, కొత్తదాని మీద అన్నీ పాస్. అప్‌స్ట్రీమ్ వాళ్లు ప్యాచ్ చూసి "బాగుంది" అన్నారు, తెలిసిన లోపాల జాబితాలో 2.3 గురించి రాశారు కూడా. మెయింటెయినర్ నా పేరుతోనే రిలీజ్ టీమ్‌కి డెబ్‌డిఫ్ పంపమన్నారు, ఒప్పుకుంటే అప్‌లోడ్ తను చేస్తానన్నారు.

డెబ్‌డిఫ్ మొదటిసారి వెనక్కి వచ్చింది. నా ఎడిటర్ ఆ ఫైల్‌లో లైన్ల చివర ఖాళీలన్నీ సర్దేసింది, దాంతో డిఫ్‌లో సంబంధం లేని లైన్లు బోలెడు వచ్చాయి. అవి తీసి మళ్లీ పంపమన్నారు. తీసి పంపాను, ఇప్పుడు ఒకే స్క్రీన్‌లో పడుతుంది. జవాబు కోసం చూస్తున్నాను.

ప్యాచ్_అక్క:

ఖాళీల గొడవ అందరికీ ఒకసారి తగులుతుంది. జవాబు ఆలస్యమైతే రోజూ గుర్తుచేయకు. పాయింట్ రిలీజ్ తేదీ ప్రకటిస్తారు, దానికి ముందు వారాంతంలో తలుపు మూస్తారు. అది దగ్గరపడుతున్నా ఉలుకూ పలుకూ లేకపోతే అప్పుడు ఒక మర్యాదైన మెయిల్.

డెబియన్ 12 మీద ఇంకా నడుస్తున్న సర్వర్ ఏమైనా ఉందా మీ దగ్గర? అందులో వెర్షన్ వేరే ఉంటుంది, బగ్ ఉందో లేదో చూశావా?

రాత్రి_క్రాన్:

ఒకటుంది, బ్యాకప్‌ది. అందులో 2.1. ఇందాకే అదే నాలుగు ఫైళ్లతో చూశాను, అక్కడా మింగుతోంది. దానికీ ఫౌండ్ పంపాను. సెడ్ లైన్ రెండు చోట్లా ఉంచేస్తున్నాను.